దీపాల పెట్టె వద్దు, గాలి ఆడే పెట్టె కావాలి

పదకొండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకోగానే మనలో చాలామంది ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది: డెస్క్‌టాప్ కొనాలి, ఎలాంటిది కొనాలి? ప్రాసెసర్ గురించి వారం రోజులు, ర్యామ్ గురించి రెండు రోజులు, మానిటర్ సైజు గురించి ఇంకో రెండు రోజులు మాట్లాడుకుంటాం. చివరికి దుకాణంలో నిలబడి, మిగిలిన డబ్బులకు ఏ క్యాబినెట్ వస్తే అది, అందులోనూ ఎక్కువ రంగుల దీపాలు వెలిగేది చూపించి “ఇదే” అనేస్తాం. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఒకే ఊళ్లో సొంత ఇంట్లో ఉండేవాళ్లకు దీనివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. మూడు నాలుగేళ్లకోసారి సామానంతా లారీకెక్కించే మన ఇళ్లకు మాత్రం ఈ వరస తలకిందులుగా ఉందని మేము అనుకుంటున్నాం. ముందు తేల్చుకోవలసింది పెట్టె సంగతే.

ఇంట్లో అందరూ ఆ పెట్టె మొత్తాన్ని ‘సీపీయూ’ అంటారు. “సీపీయూ కింద ఊడ్చారా?” అని అమ్మ అడిగినప్పుడు ఆమె అడిగేది దాని గురించే. నిజానికి సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టెంత ఉండే ప్రాసెసర్ చిప్పు. దాన్నీ మదర్‌బోర్డునూ పవర్ సప్లయ్‌నీ డిస్కులనూ మోసే రేకు పెట్టె వేరు. దుకాణాల్లో దాన్ని క్యాబినెట్ అంటారు, మేమూ అలాగే అంటాం.

కంప్యూటర్‌లో త్వరగా పాతబడని వస్తువు ఇదొక్కటే. నాలుగైదేళ్లకు ప్రాసెసర్ వెనకబడుతుంది, ర్యామ్ రకం మారిపోతుంది, డిస్కు నిండిపోతుంది. మదర్‌బోర్డుకు స్క్రూలు ఎక్కడెక్కడ పడాలి, దాని కొలతలెంత అన్నది మాత్రం ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే పేరుతో ఖరారు చేసింది: 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. 1997లో దాని తమ్ముడిలా 244 మిల్లీమీటర్ల చదరంగా మైక్రో ఏటీఎక్స్ వచ్చింది. మనమెవరం పుట్టకముందు పెట్టిన ఆ కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి. అంటే ఇవాళ మంచి పెట్టె కొంటే అందులో రెండు మూడు తరాల బోర్డులు మార్చుకోవచ్చు. ఇప్పుడు అక్క వాడి, తర్వాత తమ్ముడు బోర్డు మార్చి వాడుకోవచ్చు. (కంపెనీలే బిగించి అమ్మే కొన్ని కంప్యూటర్ల పెట్టెలకు సొంత కొలతలుంటాయి. వాటిలో ఇంకో బోర్డు పట్టదు. అడిగి తెలుసుకోవాలి.)

“బదిలీల ఉద్యోగం కదా, ల్యాప్‌టాప్ కొనుక్కుంటే పోలా?” అని పెద్దవాళ్లంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. మోసుకెళ్లడం తేలికే. కానీ ల్యాప్‌టాప్‌లో ఒక భాగం పాడైతే చాలాసార్లు సర్వీస్ సెంటర్‌కే పోవాలి, అది మన కొత్త పోస్టింగ్ ఊరికి ఎన్ని గంటల దూరంలో ఉంటుందో ఎవరికి తెలుసు? డెస్క్‌టాప్‌లో పవర్ సప్లయ్ పోతే జిల్లా కేంద్రంలోని ఏ చిన్న దుకాణంలోనైనా ఇంకొకటి దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే మనమే బిగించుకోవచ్చు. ఇంట్లో ముగ్గురు పిల్లలకు కలిపి ఒకటి కొనాలన్నా ఇదే నయం. కాబట్టి డెస్క్‌టాప్ కొనడం తప్పు కాదు. లారీ ఎక్కి దిగడానికి తట్టుకోని డెస్క్‌టాప్ కొనడమే తప్పు.

ఇక గాలి. పాతకాలపు మన ఇళ్లను తలుచుకోండి. వీధి గుమ్మం, నడవ గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండేవి. ఇటు నుంచి వచ్చిన గాలి అటు పోయేది. క్యాబినెట్‌కీ అదే పద్ధతి. ముందు నుంచి చల్లగాలి రావాలి, వెనక నుంచీ పైనుంచీ వేడిగాలి పోవాలి. పెట్టెకు ముందువైపు మొత్తం అద్దం బిగించి, లోపల మూడు ఫ్యాన్లు రంగులు చిమ్ముతూ తిరుగుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ వీధి తలుపు మూసేసి హాల్లో పంకా వేసుకున్నట్టే అది. ఆ ఫ్యాన్లు ఉన్న గాలినే తిప్పుతుంటాయి. పక్కన వేలెడంత సందులోంచి వచ్చే గాలే లోపలికి దిక్కు.

ఇది మనం తరగతిలో చేసే లెక్కే. ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1.2 జౌళ్లు సరిపోతాయి. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు కంప్యూటర్ గట్టిగా పనిచేసేటప్పుడు 100 వాట్ల వేడి ఇస్తుందనుకుందాం. అడ్డు లేకపోతే ఒక సాధారణ 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ సెకనుకు 20 లీటర్లకు పైగానే గాలి తోస్తుంది. 20 లీటర్లనే లెక్కేస్తే పెట్టెలోంచి బయటికి వచ్చే గాలి గది గాలికన్నా 4 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉంటుంది. ముందువైపు మూసేసి, దారి సెకనుకు 5 లీటర్లకు కుదిస్తే అదే తేడా దాదాపు 17 డిగ్రీలవుతుంది. ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు పెట్టి 300 వాట్లకు చేర్చారా, 50 డిగ్రీలు! మే నెలలో విజయవాడలోనో నాగపూర్‌లోనో గదే 40 డిగ్రీలుంటుంది. ఆపైన చిప్పు సొంత వేడి ఎలాగూ ఉంది. 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్లేసరికి ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేలు పోసి కొన్న వేగాన్ని అద్దం మింగేసినట్టే.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి కూడా ఉంది. 100 వాట్లకు సెకనుకు 20 లీటర్ల గాలి చాలు. అంటే చదువుకూ, ప్రోగ్రామింగ్‌కూ, అప్పుడప్పుడూ ఆడే చిన్న ఆటలకూ ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు ఫ్యాన్లు ధారాళంగా సరిపోతాయి. ఆరు ఫ్యాన్లు, ఏడు ఫ్యాన్లు అని ఊరించే ప్రకటనల గురించి ఆలోచించనక్కర్లేదు. నీళ్లతో చల్లబరిచే గొట్టాల ఏర్పాటు కూడా మన వాడకానికి అక్కర్లేదు. సామాను లారీలో వందల కిలోమీటర్లు కుదుపులు తినే ఇంట్లో పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే అది.

మేము కోరేది ముందువైపు జల్లెడ రేకు ఉన్న క్యాబినెట్. దుకాణాల్లో ‘మెష్ ఫ్రంట్’ అంటే చూపిస్తారు. అయితే మెష్ అన్నవన్నీ మెష్ కావు. కొన్నింటిలో పైకి జల్లెడ కనిపిస్తుంది, దాని వెనక ప్లాస్టిక్ గోడ ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ముందు పలకను ఊడదీయించి వెలుతురుకు పట్టి చూడండి. అవతలి మనిషి మొహం పోల్చుకోగలిగితే గాలి కూడా దూరుతుంది. ఇంటికి తెచ్చాక ఇంకో పరీక్ష ఉంది. కంప్యూటర్ నడుస్తుండగా, ఇంటి ఫ్యాన్ ఆపేసి, వెలిగించిన అగరుబత్తిని ముందువైపు జానెడు దూరంలో పట్టుకోండి. పొగ నిటారుగా పైకి పోతుంటే గాలి లోపలికి పోవడం లేదన్నమాట. జల్లెడ వైపు వంగి లోపలికి జారిపోతే మంచి పెట్టె దొరికినట్టు. (నుసి పడకుండా చూసుకోండి. పూజగది నుంచి అగరుబత్తులు మాయం కావడం గురించి అడిగితే ఫిజిక్స్ ప్రయోగం అని చెప్పొచ్చు.)

చప్పుడు సంగతికి వద్దాం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే దుకాణంలో అది వినపడదు. చుట్టూ జనం, రోడ్డు మీద హారన్లు. ఇంటికొచ్చాక రాత్రి పదకొండు గంటలకు తెలుస్తుంది. మనలో చాలామందివి రెండు గదుల టైప్-టూ క్వార్టర్లు. నైట్ డ్యూటీ దిగి పగలు పడుకునే లోకో పైలట్ గారి ఇంట్లో, అదే గదిలో కంప్యూటర్ గుర్రుమంటుంటే ఎవరో ఒకరు పని మానుకోవాలి, నాన్న నిద్రైనా పోవాలి, మన ప్రాజెక్టైనా ఆగాలి. బోర్డు పరీక్షల ఏడాది అక్క చదువుకుంటుంటే తమ్ముడు కంప్యూటర్ ఆన్ చేయకూడదనే కట్టడి ఉన్న ఇళ్లు మాకు తెలుసు. అది తమ్ముడి అల్లరి వల్ల వచ్చిన కట్టడి కాదు, ఫ్యాన్ మోత వల్ల వచ్చింది.

ఫ్యాన్ చప్పుడుకి ఒక సూత్రం ఉంది. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపే అవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. పది డెసిబెళ్లు పెరిగితేనే మన చెవికి రెట్టింపు మోతగా తోస్తుంది. కాబట్టి ఒక్క ఫ్యాన్‌ను పరుగెత్తించడం కన్నా రెండింటిని నెమ్మదిగా నడిపించడం మేలు. ఒకేలాంటి ఫ్యాన్ ఇంకొకటి చేరిస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. అలాగే చిన్న ఫ్యాన్ల కన్నా పెద్దవి మేలు. ఒకే తీరు రెక్కలుంటే 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 760 చుట్లు తిరిగి తోసే గాలికి, 120 మిల్లీమీటర్లది 1200 చుట్లు తిరగాలి. పెట్టెలో 140 ఫ్యాన్ పట్టే చోటుందా అని అడగడం అందుకే.

చవక క్యాబినెట్లతో వచ్చే రంగుల ఫ్యాన్లలో చాలావాటికి వేగం మార్చుకునే వీలుండదు. నేరుగా పవర్ సప్లయ్‌కి తగిలిస్తారు. ఆన్ చేసిన దగ్గర్నుంచి ఆపేదాకా ఒకే వేగం, ఒకే మోత. మదర్‌బోర్డుకు తగిలించే నాలుగు పిన్నుల ఫ్యాన్ అయితే వేడిని బట్టి తనే వేగం పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. వ్యాసం రాస్తుంటే గుసగుసలాడుతుంది, పెద్ద వీడియో ఎడిట్ చేస్తుంటేనే గొంతు పెంచుతుంది. అందుకే దీపాలు లేని నాలుగు పిన్నుల ఫ్యాన్లు రెండు, రంగులు చిమ్మే ఫ్యాన్లు నాలుగు ఒకే ధరకు వస్తే మా ఓటు మొదటివాటికే.

చప్పుడు తగ్గించడానికి ముందువైపు మూసేసి లోపల స్పాంజి అతికించిన క్యాబినెట్లూ ఉన్నాయి. స్వీడన్‌కు చెందిన ఫ్రాక్టల్ డిజైన్ అనే సంస్థ ‘డిఫైన్’ అనే వరసలో అలాంటివి చేసి పేరు తెచ్చుకుంది. అదే సంస్థ తర్వాత ‘మెషిఫై’ అని పూర్తి జల్లెడ పెట్టెలు కూడా తెచ్చింది. షిల్లాంగ్‌లోనో ఊటీలోనో స్థిరపడిపోయేవాళ్లకు మూసిన పెట్టె బాగానే ఉంటుంది. మనం ఇవాళ షిల్లాంగ్, రేపు బికనీర్. వేడి ఊళ్లో మూసిన పెట్టెలో ఫ్యాన్లు గట్టిగా తిరగక తప్పదు. అప్పుడు స్పాంజి ఆపిన మోత కన్నా ఫ్యాన్లు పెంచిన మోతే ఎక్కువవుతుంది.

రేకు మందం గురించి మాలో మాకే వాదన జరిగింది. బరువు పెరిగితే మోయడం కష్టమని ఒకరు. మోసేటప్పుడు వంగకూడదు కదా అని మిగతావాళ్లం. పలక వంగకుండా నిలబడే శక్తి దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. అర మిల్లీమీటరు రేకు కన్నా 0.8 మిల్లీమీటర్ల రేకు నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటి కొంచెమే పెరుగుతుంది. ఇంత లాభసాటి బేరం ఇంకెక్కడా రాదు. ల్యాబ్‌లోని స్క్రూగేజిని దుకాణానికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి బొటనవేలితోనే చూడాలి. పక్క పలక మధ్యలో నొక్కండి. నూనె డబ్బా మూతలా టప్పుమని లోపలికి పోయి మళ్లీ వస్తే పక్కన పెట్టేయండి. అలాంటి రేకే ఫ్యాన్ తిరిగినప్పుడు గిలగిల వణుకుతూ మోత చేస్తుంది. కాబట్టి రేకుకూ చప్పుడుకూ కూడా సంబంధం ఉంది. పెట్టెను బల్ల మీద పెట్టి ఎదురెదురు మూలలు పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూడండి. లోపల అంచుల వెంట వేలు జాగ్రత్తగా పోనిచ్చి చూడండి. కోసుకుపోయేలా ఉంటే అక్కడ అంచు మడవలేదన్నమాట. స్క్రూ ఒకటి విప్పి, మళ్లీ చేత్తోనే బిగించి చూడండి. మర సాఫీగా పట్టాలి. మనం ప్రతి బదిలీకీ దాన్ని విప్పుతాం, ఐదోసారికి అరిగిపోయే మర మనకు పనికిరాదు.

అద్దం పలక మీద మాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. 4 మిల్లీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండే గట్టిపరిచిన అద్దం దాదాపు 1.8 కిలోల బరువు. మధ్యలో గుద్దితే తట్టుకుంటుంది కానీ, విప్పి నిలబెట్టేటప్పుడు మూల వెళ్లి టైల్స్ గచ్చుకు తగిలితే చాలు, మొత్తం పెసరగింజల్లా రాలిపోతుంది. సామాను దించేవాళ్లు పొద్దుపోయాక, వానలో, మూడో అంతస్తుకు మోస్తుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. తప్పు అద్దాన్ని ఆ లారీ ఎక్కించిన వాళ్లది.

రంగుల దీపాలంటే మాలోనూ ఇష్టమున్నవాళ్లున్నారు, వాళ్లను ఓడించామని చెప్పుకోలేం. మానిటర్ వెనక ఒక దీపాల పట్టీ అతికించుకుంటే గోడంతా వెలుగుతుంది, పెట్టెకు గాలీ ఆగదు. అక్కడ రాజీ పడ్డాం.

తర్వాతి పోస్టింగ్ ఎక్కడో మనకు ముందుగా తెలియదు, అసలు చిక్కంతా అక్కడే. ఊరు ఊరికీ శత్రువు వేరు. జోధ్‌పూర్, బికనీర్ వైపు దుమ్ము. అక్కడ లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి తోసేవాటికన్నా ఎక్కువుండాలి. అప్పుడు పెట్టెలో ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉండి, గాలి ఫిల్టర్ ఉన్న దారిలోనే వస్తుంది. లేకపోతే ప్రతి సందు నుంచీ దుమ్ము పీల్చుకుంటుంది. ఆ ఫిల్టర్ కూడా పెట్టెను జరపకుండా ముందు నుంచే లాగి తీయగలిగేలా ఉండాలి. వెనక నుంచి, అడుగు నుంచి తీయాల్సిన ఫిల్టర్‌ను ఏడాదికోసారైనా ఎవరూ కడగరు. కడిగాక పూర్తిగా ఆరనిచ్చే పెట్టాలి. ఎడారి వైపు ఇళ్లలో నీళ్ల కూలర్ ఉంటుంది, దాని గాలి తిన్నగా క్యాబినెట్‌కి కొట్టకుండా చూడండి. చల్లగా ఉంటుంది కదా అనిపిస్తుంది కానీ ఆ తేమ బోర్డుకు మంచిది కాదు.

విశాఖ, కొచ్చి లాంటి చోట్ల ఉప్పుగాలి. రంగు గీసుకుపోయిన చోట, రేకు కోసిన అంచు దగ్గర తుప్పు మొదలవుతుంది. జింకు పూత ఉన్న రేకు, లోపల కూడా రంగు వేసిన పెట్టె అక్కడ ఎక్కువకాలం నిలుస్తుంది. పాత క్వార్టర్లలో బల్లులు వెచ్చదనానికి కంప్యూటర్లో దూరుతాయి. పవర్ సప్లయ్‌లో చిక్కుకుంటే దాని ప్రాణమూ పోతుంది, మన యంత్రమూ పోతుంది. వెనకవైపు వాడని కార్డుల సందులకు రేకు మూతలు ఉన్నాయో లేదో చూడండి. చవక పెట్టెల్లో వాటిని విరిచి తీసే రకంగా ఇస్తారు, ఒకసారి విరిచాక తిరిగి పెట్టలేం. స్క్రూతో బిగించే మూతలే కావాలని అడగండి. పెట్టె కాళ్లు కనీసం రెండు సెంటీమీటర్ల ఎత్తుండాలి. పవర్ సప్లయ్ అడుగు నుంచి గాలి పీలుస్తుంది, గచ్చు తుడిచే నీళ్లు కూడా అక్కడే ఉంటాయి.

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. మన 20 లీటర్లు అక్కడ 14 లీటర్ల పనే చేస్తాయి. గది చల్లగా ఉంటుంది కాబట్టి నెట్టుకొస్తుంది. అక్కడ భయం వేరే: గడ్డకట్టే చలిలో లారీలో వచ్చిన పెట్టెను వెచ్చని గదిలోకి తేగానే లోహం మీద నీటి తడి పట్టొచ్చు. కొన్ని గంటలు ఆగి ఆన్ చేయాలి.

కొనడానికి మనకున్న వీలు వేరేవాళ్లకు లేదు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్ – మనలో ఎవరో ఒకరు వీటిలో ఏదో ఒకదానికి దగ్గరలో ఉన్నారు, లేదా సెలవులకు వెళ్తున్నారు. క్యాబినెట్ మటుకు అక్కడ చేత్తో తాకి కొనాలి. చిప్పు ఎక్కడ కొన్నా ఒకటే, రేకు అలా కాదు. “అన్నా, పక్క పలక ఒకసారి తీసి చూపిస్తారా?” అని అడగండి. తీయడానికి విసుక్కునే దుకాణం నుంచి పక్క దుకాణానికి పది అడుగులే. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పట్టే నడిమి సైజు పెట్టె మన వాడకానికి చాలు. పెద్ద పెట్టె ఎవరి బల్ల కిందా పట్టదు.

అట్టపెట్టెను, అందులోని థర్మోకోల్ దిమ్మలను అడిగి తెచ్చుకోండి. బిగించి ఇచ్చే దుకాణాలు వాటిని పారేస్తుంటాయి. ఇంటికొచ్చాక అమ్మ పాతపేపర్లవాడికి వేస్తానంటుంది, అటక మీద దానికి చోటు సంపాదించడమే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన పని. ట్రంకుపెట్టెల మీద నాన్న పేరు, యూనిట్ పేరు తెల్లరంగుతో రాసినట్టే దాని మీద కూడా రాసిపెడితే ఎవరూ చెత్త అనుకోరు. బదిలీ ఆర్డరు రాగానే గ్రాఫిక్స్ కార్డు ఉంటే విప్పి వేరుగా చుట్టాలి, ప్రాసెసర్ మీద పెద్ద కూలర్ ఉంటే అదీ విప్పాలి. తర్వాత పెట్టెను మదర్‌బోర్డు అడుగున ఉండేలా పడుకోబెట్టి, లోపలి ఖాళీలో వదులుగా దుప్పటి ముక్క పెట్టి, అట్టపెట్టెలో దించాలి. విప్పిన స్క్రూలన్నీ ఒక చిన్న జిప్ కవర్లో వేసి క్యాబినెట్ లోపలే టేపుతో అంటించండి. వంటింటి డబ్బాల్లో వేస్తే కొత్త ఊళ్లో ఆవాలు దొరుకుతాయి కానీ స్క్రూలు దొరకవు.